అడగడానికి మొహమాటం ఎందుకండీ?

(డిసెంబర్ 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు మన ఊరి గ్రంథాలయంలో పెన్షనర్ల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో, సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్న ఒక మెకానిక్ గారు చేసిన ప్రసంగం ఇది. ప్రశ్నలు శ్రోతలు ముందే చీటీల మీద రాసిచ్చారు. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ రెండో ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త ఆపండి బాబూ. ఆఁ, ఇప్పుడు బాగుంది.

నేను 2006లో ఈ పని నేర్చుకున్నాను. అప్పుడు నా బల్ల మీదికి వచ్చేవన్నీ బటన్ ఫోన్లు. కీప్యాడ్ అరిగిపోయేది, రింగర్ పోయేది, మార్చి ఇచ్చేసేవాళ్ళం. ఇప్పుడు వచ్చే ఫోన్లు వేరు, వాటితో వచ్చే భయం వేరు. ‘ఫోన్ పోయిందండీ’ అని వస్తారు. ఏం పోయింది? అది తెలియదు. ‘పోయిందని చెప్పారు’ అంటారు.

పోయిన నెలలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కొత్త ఫోన్ 18 వేలు పెట్టి కొన్నారు. పాతది ఎంతకైనా తీసుకోమన్నారు. ఏమైంది మాస్టారూ అంటే, ‘ఛార్జింగ్ ఎక్కడం లేదు, బోర్డు పోయిందన్నారు’ అన్నారు. నేను లైటు పెట్టి ఛార్జింగ్ పిన్‌లోకి చూశాను. జేబులో నూలు పోగులు, దుమ్ము కలిసి ఉండకట్టి లోపల గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి. ఫోన్ ఆఫ్ చేసి, సన్న చెక్క పుల్లతో తీశాను. ఛార్జింగ్ ఎక్కింది. అంతే. మరి ఆ షాపులో ‘ఏం పాడైంది, చూపించు’ అని అడగలేదా మాస్టారూ అన్నాను. ‘ఆ కుర్రాడు హడావిడిగా ఉన్నాడు బాబూ, ఏమడుగుతాం’ అన్నారు.

అదండీ. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ప్రశ్నలు అడిగించిన మనిషి. ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడ్డారు. ఆ మొహమాటం ఖరీదు 18 వేలు. మీరు అడగండి. షాపులో అడగండి, సర్వీస్ సెంటర్లో అడగండి, ఇంట్లో మనవడిని అడగండి. ఇవాళ నన్ను అడిగారు, సంతోషం. చీటీలు చాలా వచ్చాయి, వరసగా తీస్తాను.

మొదటిది. ‘రాత్రంతా ఛార్జింగ్‌లో పెడితే బ్యాటరీ పేలుతుందా?’ ఇదే ప్రశ్న నాలుగు చీటీల్లో ఉంది. కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నిండిపోయాక కరెంటు ఆపేసే చిప్పు ఫోన్‌లోనే ఉంటుంది. బిందె నిండి పొర్లినట్టు బ్యాటరీ పొర్లదు. మరి ఏది ప్రమాదం? ఎక్కడ పెట్టారు అన్నది ప్రమాదం. దిండు కింద పెడతారు. పరుపు మీద పెడతారు. మందపాటి పౌచ్ తీయకుండా పెడతారు. ఆ వేడి ఎక్కడికి పోతుంది? లిథియం బ్యాటరీకి శత్రువు ఛార్జర్ కాదండీ, వేడి. చాలా కంపెనీలు బయట గాలి 35 డిగ్రీల లోపు ఉన్నచోట ఫోన్ వాడమని పుస్తకంలో రాస్తాయి. మన దగ్గర రోహిణీ కార్తెలో ఎంత ఉంటుంది? 44, 45. ఆ ఎండలో స్కూటీ డిక్కీలో ఫోన్ పెట్టి బజారుకి వెళతాం. కారు అద్దం ముందు తగిలించి మ్యాప్ పెట్టి, దానికే ఛార్జింగ్ కూడా పెడతాం. బ్యాటరీ ఉబ్బేది ఇలాగే. వేడికి లోపలి రసాయనం చెడి గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసుకి వెనక మూత పైకి లేస్తుంది. మూత లేచిందా, వెంటనే ఆఫ్ చేయండి. ఛార్జింగ్ పెట్టకండి, చేత్తో నొక్కకండి, చెత్తబుట్టలో వేయకండి. తీసుకొచ్చి మాకివ్వండి.

‘సున్నాకి వచ్చేదాకా వాడి అప్పుడే పెట్టాలి’ అని ఇంకొకరు రాశారు. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. వాటికి ఆ జబ్బు ఉండేది, సగంలో ఆపితే ఆ సగమే గుర్తుపెట్టుకునేవి. లిథియం బ్యాటరీకి ఆ బాధ లేదు. దీనికి పూర్తిగా ఖాళీ అవడమూ ఇష్టం లేదు, వేడిలో పూర్తిగా నిండి ఉండడమూ ఇష్టం లేదు. 20కీ 80కీ మధ్య ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావాటిలో 80 దగ్గర ఆపేసే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది. అలాగని టెన్షన్ పడి అరగంటకోసారి చూసుకోవద్దు. ఊరికెళుతుంటే 100 పెట్టుకోండి, ఏం కాదు.

ఇక్కడ మీ అందరికీ ఒక మాట చెప్పాలని ఉంది. ఈ లిథియం బ్యాటరీని 1991లో మొదట బజారుకి తెచ్చింది జపాన్ సోనీ కంపెనీ. దానికి మూలమైన పని చేసిన ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు. అందులో జాన్ గుడెనఫ్ గారి వయసు అప్పుడు 97. అసలైన పని చేసింది 57 దాటాక. ‘ఈ వయసులో మాకెందుకు బాబూ ఇవన్నీ’ అనేవాళ్ళకి నేను ఆయన గురించే చెబుతాను.

బ్యాటరీకి ఆయుష్షు ఉంటుందా? ఉంటుంది. 500 సార్లనో, 800 సార్లనో పూర్తిగా ఎక్కి దిగాక దాని సత్తా 80 శాతానికి వస్తుందని కంపెనీలు లెక్క చెబుతాయి. ఇవాళ సగం, రేపు సగం ఎక్కిస్తే అది ఒకసారి కింద లెక్క. అంటే రెండు మూడేళ్ళకి ఛార్జింగ్ నిలవకపోవడం మామూలే. ఫోన్ ముసలిదైపోలేదు, బ్యాటరీ ముసలిదైంది. బ్యాటరీ మార్చుకోండి. కొత్త ఫోన్ ఖరీదులో అది చిన్న వంతు.

తర్వాత చీటీ. ‘మా అబ్బాయి ఫోన్ ఛార్జర్ 67 వాట్లు, నాది 18. దానితో పెడితే నాది కాలిపోతుందా?’ కాలదు. ఛార్జర్ తోసేది కాదు, ఫోన్ లాగేది. రెండూ ముందు మాట్లాడుకుంటాయి. మొదట 5 వోల్టులతో మొదలై, ఫోన్ ఇంకా కావాలంటేనే ఛార్జర్ పెంచుతుంది. మరి కాలేవి ఏవి? బస్టాండ్ ముందు వంద రూపాయలకి అమ్మే పేరులేని ఛార్జర్లు. ఛార్జింగ్‌లో ఉండగా స్క్రీన్ మీద ఒకటి నొక్కితే ఇంకొకటి పట్టుకుంటోందా? ఆ ఛార్జర్‌ని అనుమానించండి. కొనేటప్పుడు దాని మీద బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఛార్జర్లకి, పవర్ బ్యాంకులకి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. షాపులోనే, డబ్బు ఇవ్వకముందే. చూస్తే షాపువాడు ఏమనుకుంటాడో అనుకుంటున్నారా? అనుకోనివ్వండి.

ఇది అమెరికా ప్రయాణం చీటీ. ఎవరండీ రాసింది? మీరా అమ్మా, డాలస్ వెళుతున్నారా, సంతోషం. మూడు ప్రశ్నలు రాశారు. పవర్ బ్యాంకు విమానంలో తీసుకెళ్ళొచ్చు, కానీ చేతి సంచీలోనే. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల దాకా పరవాలేదు. మీ పవర్ బ్యాంకు మీద 20000 అని ఉంటే, దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి, 74 వస్తుంది. మీకు ఇబ్బంది లేదు. ఫోన్ ఛార్జర్ అక్కడ పనిచేస్తుందా? ఛార్జర్ మీద సన్నని అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. ఉంటే ప్లగ్గు మార్చే అడాప్టర్ ఒకటి చాలు. మిక్సీ మాత్రం తీసుకెళ్ళకండమ్మా. మన మిక్సీ 230 వోల్టులది, అక్కడ 120. పచ్చడి రుబ్బే మాట దేవుడెరుగు, సరిగ్గా తిరగను కూడా తిరగదు. అక్కడికని విడిగా 110 వోల్టుల మిక్సీలు అమ్ముతారు, అది అడిగి కొనుక్కోండి.

దీనికి చుట్టమే ఇంకో చీటీ. ‘అమెరికా నుంచి అల్లుడు ఐఫోన్ తెచ్చాడు. సిమ్ పెట్టే చోటే కనపడటం లేదు. తయారీలో లోపమా?’ లోపం కాదండీ. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర్నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ ఒక్కటే, అంటే విడి ముక్క కాకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్. మీ సిమ్ కంపెనీని అడిగి ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. అల్లుడిని ఇంకొకటి కూడా అడగండి, అది అక్కడి నెట్‌వర్క్ కంపెనీకి లాక్ అయి ఉందా లేదా అని. అప్పు తీరని ఫోన్ అయితే లాక్ ఉండొచ్చు, అప్పుడు మన సిమ్ పనిచేయదు.

‘ఫోన్ రేడియేషన్‌తో ప్రమాదమా?’ మన దేశంలో అమ్మే ఫోన్లకి, ఒంట్లోకి చేరే రేడియేషన్ కిలో కండకి 1.6 వాట్లు దాటకూడదని పరిమితి ఉంది, 2012 సెప్టెంబర్ నుంచి. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ కొడితే మీ ఫోన్‌ది ఎంతో కనపడుతుంది. సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ ఎక్కువ కష్టపడుతుంది కాబట్టి, అక్కడ పొడుగు మాటలుంటే స్పీకర్ పెట్టుకోండి. దాని గురించి ఇంతకంటే బెంగ వద్దు.

‘ఫోన్ నీళ్ళలో పడింది, బియ్యంలో పెట్టాం.’ అయ్యో. డెల్టాలో పుట్టినవాళ్ళం, మనకి ఏ కష్టానికైనా ముందు బియ్యమే గుర్తొస్తుంది. కానీ బియ్యం లోపలి తడిని లాగదు. పైగా ఆ తవుడు, పొడి ఛార్జింగ్ పిన్‌లోకి, స్పీకర్ జాలీలోకి పోయి కూర్చుంటుంది. ఆపిల్ కంపెనీ కూడా బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. మరి ఏం చేయాలి? మొట్టమొదట ఆఫ్ చేయాలి. పనిచేస్తోందా అని ఆన్ చేసి చూడకూడదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు. నీళ్ళు ఒక్కటే ఫోన్‌ని చంపవు. నీళ్ళూ కరెంటూ కలిస్తే లోపల షార్ట్ అవుతుంది, తుప్పు కూడా త్వరగా పడుతుంది. సిమ్ ట్రే తీసి, ఛార్జింగ్ పిన్ కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. ఎంత త్వరగా విప్పి శుభ్రం చేస్తే అంత మంచిది. ‘మాది ఐపీ68 ఫోన్ కదా, నీళ్ళకి తట్టుకుంటుంది’ అంటారు. అది మంచినీళ్ళలో చేసిన పరీక్ష. సముద్రపు నీళ్ళకీ సబ్బు నీళ్ళకీ ఆ హామీ లేదు. వాడేకొద్దీ ఆ సీలు వదులవుతుంది కూడా. తడిసిన ఫోన్‌కి వారంటీ ఇవ్వరు. ఈ ముక్క అమ్మేటప్పుడు చెప్పరు.

‘ఫోన్ హ్యాంగ్ అవుతోంది.’ మీ వాట్సాప్ తెరవండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అని ఉంటుంది, చూడండి. రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు, దేవుడి వీడియోలు అన్నీ అక్కడ పేరుకుని ఉంటాయి. పంపినవాళ్ళ ప్రేమ మీద నాకు గౌరవం ఉంది. కానీ స్టోరేజ్ అంచుదాకా నిండితే ఫోన్‌కి ఊపిరాడదు. వాటంతట అవి డౌన్‌లోడ్ అయ్యే పద్ధతి ఆపేసుకోండి. చూసిన వీడియో తీసేయండి. కొత్త ఫోన్ కొనక్కర్లేదు.

ఇప్పుడు నాకు చాలా బాధ కలిగించిన చీటీ. ‘సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచీ ఆన్‌లైన్‌లో రెండు వేలకి వస్తోంది. కొనొచ్చా?’

వద్దండీ. దయచేసి వద్దు. చర్మం మీద వెలుగు వేసి రక్తంలో షుగర్ చెప్పే వాచీ ప్రపంచంలో ఏ పెద్ద కంపెనీ కూడా ఇంకా తయారు చేయలేదు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలని హెచ్చరించింది. చర్మం గుచ్చకుండా తనంతట తాను షుగర్ కొలిచే వాచీకి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. మరి ఆ వాచీలో నంబరు ఎలా వస్తోంది? నా దగ్గరికి అలాంటిది ఒకటి పట్టీ మార్చమని వచ్చింది. దాన్ని తువ్వాలు చుట్ట చుట్టి దానికి కట్టాను. కాసేపటికి నంబరు చూపించింది. తువ్వాలుకి షుగర్ ఉంటుందా? ఆ నంబరు చూసి మనం ఇన్సులిన్ వేసుకుంటే? ఆ వాచీ తెచ్చినావిడకి అదే తువ్వాలు చూపించాను. ఆవిడ ఏం మాట్లాడలేదు, వాచీ నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయారు.

చేతికి గుచ్చుకుని, చిన్న తీగ చర్మం కిందికి పోయే సెన్సర్లు ఉన్నాయి, అవి వేరు. వాటి రీడింగ్ ఫోన్‌కి వస్తుంది. అవి డాక్టరు గారిని అడిగి పెట్టించుకునేవి. వాచీలో అడుగులు లెక్క చూసుకోండి, నిద్ర చూసుకోండి, గుండె వేగం సుమారుగా చూసుకోండి. షుగర్‌కి మాత్రం వేలి చుక్కే.

సెకండ్ హ్యాండ్ ఫోన్ గురించి, పోయిన ఫోన్ గురించి రెండు చీటీలు ఉన్నాయి. రెంటికీ తాళం చెవి ఒక్కటే, ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు. ఇప్పుడే మీ ఫోన్ తీయండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టండి. 15 అంకెలు వచ్చాయా? రెండు సిమ్ములుంటే రెండు నంబర్లు వస్తాయి. వాటిని గ్యాస్ పుస్తకం వెనకో, పంచాంగం అట్ట లోపలో రాసి పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రం దాచుకోకండి, పోయేది ఆ ఫోనే కదా.

పాత ఫోన్ కొనేటప్పుడు కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు టైపు చేసి 14422కి మెసేజ్ పెట్టండి. ఆ ఫోన్ ఏ కంపెనీదో, బ్లాక్ అయిందో లేదో తిరిగి చెబుతుంది. అమ్మేవాడి దగ్గర బిల్లు అడగండి. ఆయన గూగుల్ ఖాతా మీ ముందే తీయించండి. తీయకుండా ఫార్మాట్ కొడితే ఫోన్ మళ్ళీ ఆయన ఖాతానే అడుగుతుంది, ఆయన ఎక్కడ దొరుకుతాడు?

ఫోన్ పోతే? ముందు సిమ్ బ్లాక్ చేయించండి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు, దాని కాపీతో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్. 2023 మే నుంచి ఇది దేశమంతా ఉంది. ఎవరైనా అందులో వేరే సిమ్ వేస్తే జాడ పోలీసులకి తెలుస్తుంది. దొరకదులే అని వదిలేయకండి.

ఇంకొకటి. పాత ఫోన్లకి ప్లాస్టిక్ టబ్బులు, డబ్బాలు ఇస్తామని బండి మీద వీధుల్లోకి వస్తుంటారు. ఇవ్వకండి. 2024లో గోదావరిఖనిలో నాలుగు వేల దాకా పాత ఫోన్లు గోతాల్లో పోలీసులకి దొరికాయి. ఇలా ఊళ్ళమ్మట పోగుచేసి సైబర్ మోసగాళ్ళకి చేరవేస్తున్నారని కేసు పెట్టారు. మీ పాత ఫోన్ ఐఎంఈఐ మీ పేరుతో ఉన్న సిమ్ముతో ఏళ్ళ తరబడి తిరిగింది. పగిలిన ఫోనైనా సరే, టబ్బు కోసం ఇవ్వకండి.

‘సర్వీస్ సెంటర్లో వారంటీ లేదంటున్నారు, ఏం చేయాలి?’ ఎందుకు లేదో జాబ్ షీటు, అంటే ఫోన్ తీసుకున్నప్పుడు వాళ్ళు రాసే కాగితం మీద రాసివ్వమనండి. నోటి మాటతో బయటికి రాకండి. డిస్ప్లే మీద నిలువునా పచ్చగీత వచ్చిందా, డబ్బు కట్టకముందు అడగండి. కొన్ని కంపెనీలు వారంటీ అయిపోయాక కూడా ఆ గీతకి ఉచితంగా డిస్ప్లే మార్చి ఇచ్చాయి. అడిగినవాళ్ళకి ఇచ్చాయి, అడగనివాళ్ళు కట్టి వచ్చారు. వినకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. వీటన్నిటికీ కావలసింది ఒక కాగితం, బిల్లు. ఆ బిల్లు సిరా రెండేళ్ళకి చెరిగిపోతుంది, కాబట్టి కొన్న రోజే జిరాక్స్ తీయించండి.

టైము అయిపోతోంది, తెలుసు. ఒక్క చీటీ ఉంది. ఇది చదివి పక్కన పెట్టాను, ఆఖరున చెప్పాలని. ‘మా వారు పోయి ఏడాది అయింది. ఆయన ఫోన్ ఆన్ కావడం లేదు. అందులో ఆయన గొంతు ఉంది.’

ఎవరు రాశారో చెప్పక్కర్లేదమ్మా. వినండి. ఎవరు ఫార్మాట్ కొడదామన్నా ఒప్పుకోకండి. కొడితే అన్నీ పోతాయి. ఇప్పటి ఫోన్లలో విషయాలన్నీ ఆ బోర్డుకే ముడిపడిన తాళంలో ఉంటాయి, మెమరీ చిప్పు పీకి ఇంకో ఫోన్‌లో పెడితే చదవలేం. కాబట్టి ఆ బోర్డునే కాసేపు బతికించాలి. ఏడాది వాడకుండా ఉంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండొచ్చు, అదే అయితే సులువు. డిస్ప్లే పోయి ఉంటే అదీ సులువే. బోర్డు దెబ్బతింటే కష్టం, మాట ఇవ్వలేను. కానీ విప్పి చూడకుండా ఎవరూ ‘పోయింది’ అని చెప్పకూడదు.

రేపు పది గంటలకి షాపు తీస్తాను. ఫోన్, ఆయన వాడిన ఛార్జర్ తీసుకురండి. స్క్రీన్ లాక్ నంబరు గుర్తుందా? ఉంటే నాకు చెప్పొద్దు, కాగితం మీద రాసివ్వొద్దు. ఫోన్ వెలిగాక పిలుస్తాను, మీరే వచ్చి మీ చేత్తో కొట్టండి. ఆయన మాటలు దొరికితే రెండు చోట్ల కాపీ చేసి ఇస్తాను. నేను బయటికి వెళ్ళి కూర్చుంటాను, మీరు వినండి.